కథ చదివిన పిమ్మట

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని యను పట్టణము కలదు. ఆదవాని యనునది దాని పాతపేరు. కొండమీద శిథిలమైన కోట, కొండక్రింద ప్రత్తి అంగడి. ఈ రెండును ఆ యూరి యానవాళ్లు. చుట్టుప్రక్కల నల్లరేగడి నేలలలో పండిన ప్రత్తి యిచ్చటికి వచ్చి, గింజ వేఱు దూది వేఱు చేయబడి, బేళ్లుగా కట్టబడి దూరప్రాంతములకు పోవును. ఆదోనికి సమీపముననే ఎమ్మిగనూరు ఉన్నది. అది నేతకు పేరుపడిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచ్చట చేనేతవారి సహకార సంఘము వెలసెను. భారత ప్రభుత్వము 1954లో ఆయనకు పద్మశ్రీ పురస్కార మొసగెను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడువఱకు ఈ రెండూళ్లును బళ్లారి జిల్లాలోనివి. అందుచేత ఒకే వీధిలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చుచుండును. బజారులో బేరము ఒక భాషలో మొదలై మఱియొక భాషలో ముగియుట యిచ్చట వింత కాదు.

ఇట్టి ఊళ్లలో ఒక యింటికి తెలుగు కథల పుస్తకము వచ్చినదనుకొనుడు. దానిని చదివినవారి మనస్సులో ఏమి జరుగును? వారు పైకి ఏమందురు? లోపల ఏమనుకొందురు? నవలలను గూర్చియు, నవలలు వ్రాసినవారిని గూర్చియు పుస్తకములు పెక్కు కలవు. చదివినవానిని గూర్చి పలుకువారు తక్కువ. కాని చదువువాడు లేనిచో కథ కాగితముపైని సిరాయే గదా.

తెలుగున పేరువడసిన తొలి నవలలలో ముఖ్యమైనది కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము. అది 1878లో వివేకవర్ధని పత్రికలో వెలువడెను. కథ ధవళేశ్వరములో, గోదావరి యొడ్డున మొదలగును. ఆదోని ప్రాంతపు పాఠకుడు దానిని తెఱచినపుడు మొదట కలుగు భావము: ఇది యెవరి కథయో, నాది గాదు. ఎల్లవేళల పాఱెడి నది, ఆ నదీతీరపు జీవనము అతడెఱుగడు. బిందెడు నీటికై బావికడ వరుసలో నిలిచిన యనుభవమే అతనికి తెలిసినది. ఇట్లనిపించుట తప్పు కాదు. కాని పుటలు సాగినకొలది ముఖస్తుతులకు లొంగి సొమ్ము పోగొట్టుకొను గృహస్థుడును, బంగారము చేసి యిత్తునని వచ్చి మోసగించు బైరాగియు కనబడుదురు. అప్పుడు పాఠకుడు ఉలికిపడును. బైరాగి ఏ నదీతీరమునకును కట్టుబడినవాడు కాడు. అట్టివారు ప్రత్తి అమ్మిన రైతుల వెంటబడి ఆదోని బజారులోనికిని రాగలరు. నది యొక్కటే పరాయిదిగా మిగులును, మనుష్యులు తెలిసినవారగుదురు.

పాఠశాలలలో మాత్రము ఈ ఉలికిపాటునకు చోటు దొరకుట అరుదు. కథ యెట్లున్నదని యడిగిన విద్యార్థి “బాగున్నది” అనును. ఎందుచేత బాగున్నదని యడిగిన, అంగడిలో దొరకు గైడులోని వాక్యము అప్పగించును. సారాంశము కంఠస్థము చేసినవానికి మార్కులు వచ్చును. ఆ సారాంశము ఇతరులు చదివిన కథకు సంబంధించినది. అతడింకను కథను చదువలేదు.

ప్రాచీనులు ఈ సంగతి నెఱుగనివారు కారు. వారు కావ్యము చదువుటకు తగినవానిని సహృదయుడని పిలిచిరి. కాశ్మీర దేశీయుడగు అభినవగుప్తుడు వేయి సంవత్సరముల క్రిందటనే సహృదయుని మనస్సును అద్దముతో పోల్చెను. కావ్యములను పలుమాఱు చదివి తోమిన అద్దమది. అయితే అద్దము ఏ యింటిలో వ్రేలాడునో ఆ యింటి గోడలును అందు కనబడును. పండితుని యింటి యద్దములో తాళపత్రములు కనబడినచో, నేతవాని యింటి యద్దములో మగ్గము కనబడును. ఈ రెండవ మాటను అలంకారశాస్త్రములు అంతగా పట్టించుకొనలేదనవలెను.

ఎమ్మిగనూరులో ఒక నేతకుటుంబపు బాలిక తరగతి పనికై చాగంటి సోమయాజులుగారి “వాయులీనము” అను కథను ఇంటికి తెచ్చినదనుకొనుడు. చాసో అను పేరుతో ప్రసిద్ధులైన ఈ రచయిత (1915–1994) విజయనగరమువారు. కథ చిన్నది. పేద యింటి యిల్లాలు జబ్బుపడి కోలుకొనును. ఆమెకు సంగీతమన్న ప్రాణము. ఆమెకొక వాయులీన ముండెను. ఖర్చులకు తాళలేక భర్త దానిని అమ్మివేయును. ఆమెకు ఒక చీర తెచ్చి యిచ్చును. రచయిత ఎవరినిని తిట్టడు, ఎవరినిని పొగడడు.

సాయంకాలము బాలిక ఈ కథను పైకి చదువుచున్నది. తల్లి గుంటమగ్గములో కూర్చుండి తెగిన పడుగుపోగును ముడివేయుచు వినుచున్నది. అవ్వ ప్రక్కన కండెలు చుట్టుచున్నది. తండ్రి గడపకడ కూర్చున్నాడు. చదువుట ముగిసెను. కొంతసేపటికి తండ్రి, “ఇంట్లో దుడ్డు లేనప్పుడు యెవురు మాత్రం యేం చేస్తారు? మనిషి దక్కింది గదా!” అనెను.

తల్లి నాడెను ఆపి, కూతురివైపు తిరిగి, “మగ్గం అమ్మి మీ నాయన నాకు మందు తెచ్చినాడనుకో పాపా. నేను బతికి లేస్తి. లేసినంక యే పని చేసుకుంటా బతకల్ల?” అనెను.

అవ్వ తలయెత్తక, “చీర తెచ్చినాడు, సరే. అమ్మేముందు ఆ పాపను ఒక మాట అడిగినాడా?” అనెను.

బాలిక నోటుపుస్తకము తెఱచెను. ఏమి వ్రాయవలెనో తోచలేదు. గైడులో “భార్యాభర్తల అనురాగము ఈ కథలోని ముఖ్యాంశము” అనియో, “పేదఱికము కళను మ్రింగివేయును” అనియో ఉండును. అవి తప్పుమాటలు కావు. కాని ఆ సాయంకాలము ఆ యింటిలో విన్న మూడు మాటలలో ఏదియు వాటిలో ఇముడదు. ఇంటిలో నేయు చీరలన్నియు ఎవరెవరికో పోవునని ఆమె యెఱుగును. కథలోని చీర ఏ మగ్గముమీదిదో యను ఆలోచన కూడ ఆమెకు కలిగెను. అది ఎవరికైనను చెప్పిన నవ్వుదురేమోయని వ్రాయక మానెను.

ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. తల్లి మాట విలువైనది. వాయులీనము ఇల్లాలికి అలంకార వస్తువు కాదనియు, అది పోయినచో ఆమె బ్రదుకులో ఒక భాగము పోవుననియు ఆమె యెవరి సహాయము లేకయే కనిపెట్టెను. విమర్శకులు పెద్దమాటలతో చెప్పు సంగతిని మగ్గము పేరుతో చెప్పెను. కాని పోలిక పూర్తిగా అతుకదు. మగ్గము అన్నము పెట్టును. కథలోని వాయులీనము ఆ యింటికి డబ్బు తెచ్చునది కాదు. డబ్బు తేనిది గనుకనే అమ్మవలసివచ్చినపుడు దానివైపే చేయి పోయినది. మగ్గము అమ్మవలసివచ్చినచో ఇల్లంతయు ఏడ్చును. వాయులీనమునకై ఏడ్చునది ఆమె యొక్కతెయే. ఈ తేడా పట్టుకొన్నపుడు కథలోని దుఃఖము ఇంకను లోతుగా కనబడును. మగ్గమును తలచుకొననిచో పాఠకుడు అచ్చటికి చేరడు. మగ్గముకడనే ఆగిపోయినను చేరడు.

తండ్రి మాటను గూడ త్రోసివేయరాదు. మందుల దుకాణములో అప్పు పెట్టినవానికి ఆ మాటలోని బరువు తెలియును. కథలోని భర్తను కఠినుడని తీర్పు చెప్పుటకు తొందరపడు విద్యార్థులు చాలమంది యుందురు. వారికి ఆ తండ్రి చక్కని ప్రతివాది.

ఇక నవలకు వత్తము. బుచ్చిబాబుగారి “చివరకు మిగిలేది” 1946–47 సంవత్సరములలో ధారావాహికగా వెలువడిన నవల. బుచ్చిబాబుగారు (1916–1967) ఏలూరున పుట్టిరి. కొంతకాలము అనంతపురము కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా నుండిరి. నవలలో నాయకుడు దయానిధి వైద్యుడు. అతడు రాయలసీమకు వచ్చును, అతనికి వజ్రము దొరకును, గని త్రవ్వించును, ఆస్పత్రి కట్టించును, తుదకు ప్రాంతద్వేషపు మంటలో చిక్కుకొనును. తెలుగు నవలలలో మనస్సు లోపలి సంగతులను ఇంత శ్రద్ధగా చూచినవి తక్కువ. అందుచేత పండితులు దీనిని మెచ్చుకొందురు.

ఆదోని ప్రత్తి మండీలోని ఒక గుమాస్తా దీనిని చదివినచో అతని మనస్సు మొదట పండితుల త్రోవను పట్టదు. అతని చూపు వజ్రముమీద నిలుచును. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి ప్రాంతముల చేలలో జనులు వంగి నేలను వెదకుట అతనికి తెలిసిన సంగతి. పొలములో వజ్రము దొరకిన రైతుల వార్తలు ప్రతియేటను వచ్చుచుండును. ఈ నేలలో వజ్రము దొరకుట అతనికి కట్టుకథగా తోపదు. సర్కారు జిల్లానుండి వచ్చినవానికి అది దొరకుటయు, ఊరివారు అల్లరిమూకలుగా కనబడుటయు మాత్రము అతని మనస్సును నొప్పించును. “అతిథిగా వచ్చినవాని కంటికి మేమింతేనా?” యనుకొని పుస్తకము మూసివేయును.

ఈ కోపమునకు చరిత్రలో వేళ్లున్నవి. ఆంధ్రరాష్ట్రము కావలెనని అందఱును కోరుచున్న దినములలో కూడ, సీమవారికి సర్కారువారిపై అనుమానము తీరలేదు. 1937లో మదరాసులో ఉభయప్రాంతముల నాయకులు శ్రీబాగు ఒడంబడిక చేసికొనవలసివచ్చినది అందుచేతనే. నవల వెలువడునాటికి ఆ ఒడంబడిక వయస్సు పదేండ్లయినను నిండలేదు. కాబట్టి గుమాస్తా కోపము అవివేకమని అనరాదు.

అయినను పుస్తకము మూసిన చేయి మరల దానిని తెఱవవలెను. దయానిధిని గాయపఱచినవారు సీమవారు మాత్రమేనా? తల్లిని గూర్చిన నింద అతనిని సొంత ఊరినుండియే వెంటాడుచున్నది. అతడు పెరిగిన సమాజమే ఆ పని చేసినది. తొలి ప్రకరణములను చదివి, పిమ్మట రాయలసీమ ప్రకరణములను చదివినచో, ఒక మనుష్యుడు ఎచ్చటికి పోయినను ద్వేషము వేఱు వేఱు వేషములతో ఎదురగుట కనబడును. గుమాస్తా మనస్సులోని నొప్పి అప్పుడు కొంత చల్లబడును. కొంత మిగులును. మిగిలిన భాగము న్యాయమైనదే. పొరుగువాని కన్ను ఎంత దయగలదైనను పొరుగుకన్నే. సీమను సీమవాడు చూచి వ్రాయవలసిన పని అలాగే నిలిచియుండెను.

ఆ పని చేసినవారును కలరు. జి. రామకృష్ణగారి “చిరంజీవి” 1941లో వచ్చిన కథ. రాయలసీమ కథలలో తొలినాటి వానిలో దానిని లెక్కింతురు. తరువాత చిత్తూరు జిల్లావారైన మధురాంతకము రాజారాము, కడప జిల్లావారైన కేతు విశ్వనాథరెడ్డి, అనంతపురము జిల్లావారైన సింగమనేని నారాయణ మొదలగువారు సీమ మనుష్యులను కథలలోనికి తెచ్చిరి. రాజారాముగారికి 1993లోను, విశ్వనాథరెడ్డిగారికి 1996లోను కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారములు లభించెను. ఇంటిలో పలుకు మాట అచ్చులో కనబడినపుడు కలుగు సంతోషము చెప్పతరము కాదు. “కావల్ల”, “చేస్తి”, “పోతి” అను మాటలు పలికినందుకు తరగతిలో నవ్వులపాలైన బాలుడు వాటినే పుస్తకములో చూచినచో వీపు నిటారు చేసి కూర్చుండును.

ఆ సంతోషములోను ఒక చిక్కు ఉన్నది. “ఇదంతయు మా ఊరే” యని తల యూపి పుట త్రిప్పుట తేలిక. సింగమనేనివారి “జూదము” మెట్టసేద్యము జూదమైపోయిన తీరును తెలుపు కథ. వాననే నమ్ముకొని విత్తనము చల్లు రైతు దీనిని విన్నచో “నిజమే, నిజమే” యనును. అంతటితో ఆగినచో అతడు తనకు ముందే తెలిసినదానినే మరల విన్నట్లగును. కొంచెము ఆలోచించు రైతు ఇట్లు ప్రశ్నించును: “జూదములో ఓడినోడు లేసి ఇంటికి పోతాడు. సేద్యంలో ఓడినోడు యాడికి పోవల్ల?” ఈ ప్రశ్న కథ పేరునే పరీక్షకు పెట్టుచున్నది. రచయిత ఎదుట నుండినచో సంతోషముతో వినదగిన ప్రశ్న యిది.

ఎచ్చటికి పోవుదురో ఆదోని, కోసిగి, కౌతాళము ప్రాంతముల పిల్లలకు తెలియును. వానలు తప్పిన యేట కుటుంబములు మూటలు కట్టుకొని గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును, ప్రత్తి తీయుటకును వలసపోవును. ముసలివారు ఇండ్లకు కావలి యుందురు. పిల్లలలో కొందఱు తల్లిదండ్రుల వెంట పోవుదురు. తరగతిలో బల్లలు ఖాళీ యగును. కొన్ని నెలలకు తిరిగివచ్చిన బాలుడు తప్పిపోయిన పాఠములకై వెదకికొనుచు, తాను వెనుకబడినవాడనని తలవంచుకొనును.

అట్టి బాలుని చేతికి ఉన్నవ లక్ష్మీనారాయణగారి “మాలపల్లి” వచ్చినదనుకొనుడు. 1922లో వెలువడిన ఈ నవల గుంటూరు ప్రాంతపు పల్లెకు సంబంధించినది. లక్ష్మీనారాయణగారు స్వాతంత్ర్యోద్యమములో చెఱసాలకు పోయి అచ్చట దీనిని వ్రాసిరి. కూలి జనుల బ్రదుకును, వారికొఱకు పాటుపడిన సంగదాసు మరణమును చదువునపుడు, తరగతిలోని యితరులు సంగదాసునకై కన్నీరు పెట్టవచ్చును. వలసపోయి వచ్చిన బాలుడు కూలి లెక్క చూచును. ఎన్ని గంటలు పని? కూలి ధాన్యముగా ఇచ్చిరా, డబ్బుగా ఇచ్చిరా? కొలత యెవరిది? మిరపకాయల ఘాటునకు చేతులు మండినవానికి ఈ ప్రశ్నలు వచ్చినట్లు మఱియొకనికి రావు. ఆ నెలలలో అతడు కోల్పోయిన పాఠములు చాల ఉండవచ్చును. ఈ నవలమట్టునకు మాత్రము అతడే ముందున్నాడు. ఉపాధ్యాయుడు అడిగిననే గాని ఆ సంగతి బయటపడదు.

మాలపల్లికి వేఱొక పాఠకుడును దొరకెను. మదరాసు ప్రభుత్వము దానిని చదివి, భయపడి, నిషేధించెను. భయము కూడ పాఠకుని స్పందనయే. నవల కేవలము కాలక్షేపమని పలుకువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. కాలక్షేపమునకు ఏ ప్రభుత్వమును ఆజ్ఞలు జారీచేయదు.

సంగదాసు చనిపోరాదని కోరుకొను పాఠకులను చూచి నవ్వరాదు. ఇంగ్లండులో కానన్ డాయిల్ 1893లో తన అపరాధ పరిశోధకుడగు షెర్లాక్ హోమ్సును కథలో చంపివేయగా పాఠకులు మండిపడిరి. పదేండ్లకు, 1903లో, హోమ్సు చావలేదని చెప్పుచు ఆయన మఱియొక కథ వ్రాయవలసివచ్చెను. పాఠకులు గెలిచిరి. సంగదాసును మాత్రము ఉన్నవవారు బ్రతికింపలేదు. హోమ్సు బ్రతికినను చచ్చినను లండనులో దొంగతనములు జరుగుచునే యుండును. సంగదాసు బ్రతికినచో మాలపల్లి కథ వేఱగును. ఏ చావును పాఠకుడు మన్నింపవలెనో, దేనికి రచయితతో పోరాడవలెనో కథను బట్టి తేలవలసినదే.

ఎమ్మిగనూరు బాలిక సంగతి మిగిలియున్నది. మఱునాడు ఆమె నోటుపుస్తకములో గైడు వాక్యము లేదు. “మా అమ్మ మగ్గము వంటిది అన్నది. మా నాయన మనిషి దక్కింది గదా అన్నాడు. మా అవ్వ, అమ్మేముందు అడిగినాడా అన్నది” అని మూడు పంక్తులు మాత్రము ఉన్నవి. వాడుకభాష యని ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు తగినవే. ఉపాధ్యాయుడు వానిని రెండుమాఱులు చదివెను; దేనిని కొట్టివేయలేదు.

“మీ అవ్వ అడిగినదానికి కథలో జవాబున్నదా, అమ్మా?” అనెను.

“చూడలేదు సార్” అని బాలిక చెప్పెను.

ఆయన పుస్తకమును ఆమె వైపునకు జరిపెను. ఆమె నిలుచుండియే పుట త్రిప్పి, భర్త ఇంటికి వచ్చు చోటు ఎక్కడనో వెదకసాగెను.